సగంలో ఆగిన ట్రక్కు: ఒక పాత పీటర్‌బిల్ట్ కిట్‌తో పదకొండు వారాలు

పెట్టె మూత తీయగానే పాత ఎనామిల్ రంగు, ఎండిన గమ్, తేమ పట్టిన అట్ట, మూడూ కలిసిన వాసన గుప్పున వచ్చింది. లోపల పీటర్‌బిల్ట్ 359 ట్రక్కు ప్లాస్టిక్ మోడల్ కిట్, 1/25 స్కేల్‌ది, అంటే అసలు బండిలో పాతికో వంతు, సగం కట్టి ఉంది. మిగతా సగం ఇంకా స్ప్రూలకే, అంటే ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ కాడలకే, అంటుకుని ఉంది.

"నాన్న మొదలుపెట్టి వదిలేశారండి. పూర్తి చేసి ఇవ్వగలరా?" అన్నారు తెచ్చినాయన. ఆయనకే యాభై దాటి ఉంటుంది.

ఇలాంటివి వచ్చినప్పుడు నేను ముందు ఒక్కటే అడుగుతాను. కొత్త కిట్ కట్టినట్టు తళతళలాడుతూ కావాలా, మీ నాన్నగారు చేసిన బండిలాగే ఉండాలా? ఆయన కాసేపు ఆలోచించి, "ఊగకూడదండి. బల్ల మీద పెట్టి నేను వేలితో తాకితే కటకటమని ఊగేది. నాన్నకి చిరాకొచ్చి పైన పెట్టేశారు. మళ్ళీ దించలేదు" అన్నారు.

ఆ మాటతో నా పని సగం తేలిపోయింది. రంగు గురించి, క్రోమ్ గురించి ఎవరైనా చెబుతారు. ఆ బండి ఎందుకు ఆగిపోయిందో చెప్పింది మాత్రం ఆ ఊగడమే.

అసలు బండి గురించి రెండు మాటలు. పీటర్‌బిల్ట్ 359 అమెరికాలో 1967 నుంచి 1987 దాకా తయారైన పొడవు ముక్కు ట్రక్కు. డ్రైవర్ కూర్చునే అల్యూమినియం క్యాబ్, దాని మీద రివెట్ల వరసలు, రెండు పక్కలా నిటారుగా లేచిన పొగగొట్టాలు, కింద మూడు ఇరుసులు, పది చక్రాలు. కారు కిట్ కట్టినవాళ్ళకి ట్రక్కు కిట్ చేతికిస్తే బోల్తా పడేది ఇక్కడే. కారుకు నాలుగు చక్రాలు, పైన బాడీ కప్పేస్తుంది, కింద చిన్న తప్పున్నా ఎవరికీ తెలీదు. ట్రక్కుకు ఫ్రేమే బయటికి కనిపించే వెన్నెముక. అది ఒక మిల్లీమీటరు మెలి తిరిగినా పది చక్రాల్లో ఏదో ఒకటి గాల్లో ఉంటుంది.

వచ్చినప్పుడు ఏముంది

ఏదీ విప్పకముందే, విడిగా ఉన్న చక్రాలు తగిలించి గాజు పలక మీద పెట్టి చూశాను. వెనక ఇరుసు ఎడమ చక్రం 2 మి.మీ. పైకి లేచి ఉంది. అసలు బండిలో అయితే అది 5 సెంటీమీటర్లు. క్యాబ్ అతికించి, కుంచెతో నీలం రంగు వేసి ఉంది. తలుపు అంచున వర్నియర్‌తో కొలిస్తే రంగు మందం 0.2 మి.మీ. వచ్చింది. పాతికతో గుణిస్తే నిజం బండి మీద 5 మి.మీ. రంగు పూసినట్టు. తలుపు చుట్టూ ఉండాల్సిన గీత దాదాపు పూడిపోయింది. బానెట్ రంగు లేకుండా విడిగా ఉంది, మధ్యలో వంగింది. టైర్లు రిమ్ములకు తొడిగి ఒక సంచిలో పడేసి ఉన్నాయి. వాటిలో రెండు రిమ్ములు కరిగిపోయాయి. నీళ్ళలో నానబెట్టి అతికించే స్టిక్కర్ల షీటు టీ మరకలా పసుపెక్కింది. పొగగొట్టం మోచేతి వంపు ఒకటి, అద్దం కాడ ఒకటి లేవు.

ఇంజన్ మాత్రం పూర్తయి ఉంది. దాని సంగతి తర్వాత.

గమ్ ముద్దలు ముద్దలుగా కారి, వేలిముద్రలు పడి ఉండే ఇలాంటి వాటిని మా పనిలో గ్లూ బాంబ్ అంటాం. వెక్కిరింపుగానే అంటాం. కానీ ఇది పూర్తిగా ఆ బాపతు కాదు. కిట్ మొదలుపెట్టిన ఈ పెద్దాయన చెయ్యి మంచిదే. అది ఎక్కడ తడబడిందో వెతికితే కారణం దొరుకుతుంది అనిపించింది.

నా తప్పు

అన్ని వైపులా ఫొటోలు తీసుకున్నాను. పైన, కింద, పక్కల. క్యాబ్ లోపలికి మాత్రం కెమెరా పెట్టలేదు. లోపల రంగు లేదు, ఖాళీ ప్లాస్టిక్, చూడడానికేముంది అనుకున్నాను.

రంగు తీయడానికి క్యాబ్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచాను. కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరిన్‌కు హాని చేయదు కాబట్టి మొదట దానితోనే ప్రయత్నిస్తాను. అసిటోన్, లాకర్ తిన్నర్ లాంటివి దగ్గరికి కూడా రానివ్వకూడదు, రంగుతోపాటు క్యాబ్‌నీ కరిగిస్తాయి. రెండు రోజుల తర్వాత తీసి చూస్తే ఎనామిల్ పైపొర కొంచెం మెత్తబడిందంతే. కానీ అడుగున ఆల్కహాల్లో నీలి పొగలాంటిది తేలుతోంది. ఎనామిల్ రంగు అలా కరగదు, పొరలుగా ఊడుతుంది. ఇదేమిటా అని క్యాబ్‌ని తిప్పి చూస్తే, పైకప్పు లోపలి భాగాన ఏదో రాసి ఉన్న జాడ. బాల్ పెన్ను సిరా. ఆల్కహాల్‌కి బాల్ పెన్ను సిరా ఒక లెక్క కాదు. అంతా పోయింది.

నాకు చెమటలు పట్టాయి. ఆయనకి ఏం చెప్పాలి? "మీ నాన్నగారి చేతిరాత కడిగేశాను" అనా?

సిరా పోయింది కానీ పెన్ను పోటు పోలేదు. పాలీస్టైరిన్ మెత్తటి ప్లాస్టిక్. బాల్ పెన్నుతో ఒత్తి రాస్తే సన్నటి గాడి పడుతుంది. గదిలో దీపాలన్నీ ఆర్పి, చిన్న టార్చిని ప్లాస్టిక్‌కి దాదాపు ఆనించి పక్క నుంచి కొట్టాను. ఎదురుగా కొడితే ఏమీ కనిపించదు, వాలుగా కొడితే గాడికి నీడ పడుతుంది. టార్చిని గడియారం ముల్లులా చుట్టూ తిప్పుతుంటే ఒక్కో కోణంలో ఒక్కో గీత లేచింది. పెన్సిలు పొడి వేలితో అద్ది తుడిస్తే ఇంకొంచెం తేలింది. ప్రేమ సందేశం ఏమీ కాదు. "3 నీ : 1 తె" అని ఒక లైను, కింద "1979".

మూడు పాళ్ళు నీలం, ఒక పాలు తెలుపు. క్యాబ్‌కి వేసిన రంగు కలిపిన లెక్క. బానెట్‌కి వేసేటప్పుడు మర్చిపోకూడదని, కప్పు పెట్టాక ఎవరికీ కనిపించని చోట రాసుకున్నాడు పెద్దాయన. అదే రోజు బండి తెచ్చినాయనకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "అంటే బానెట్‌కి ఏ రంగో కూడా చెప్పి పెట్టారన్నమాట" అన్నారు. తిడతారేమో అనుకున్నాను, తిట్టలేదు.

మిగతా ఎనామిల్‌ని కాస్టిక్ సోడా ఉన్న జిడ్డు వదిలించే ద్రవంతో తీశాను. చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నెలో పోయకూడదు, ప్లాస్టిక్ డబ్బా వాడాలి. ఒక రాత్రి నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రంగు పొరలుగా లేచిపోయింది. ముందు గాజు కింది అంచు దగ్గర, వెలుతురు సోకని చోటు నుంచి గోరంత రంగు పెచ్చు ఒకటి మాత్రం ముందే తీసి దాచాను.

ఫ్రేమ్

ఇదే అసలు కేసు, కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను.

ఫ్రేమ్ అంటే పొడవాటి రెండు పట్టీలు, వాటి మధ్య ఐదు అడ్డ ముక్కలు. భూతద్దం పెట్టి జాయింట్లు ఒక్కొక్కటే చూశాను. ఎడమ పట్టీ వైపు గమ్ పల్చగా, నీటుగా ఉంది. కుడి వైపు ఉబికి కారింది. అంటే పెద్దాయన ముందు ఐదు ముక్కల్నీ ఎడమ పట్టీకి అతికించి ఆరనిచ్చి, తర్వాత కుడి పట్టీ పెట్టబోతే అది కుదరక గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఎందుకు కుదరలేదు? రెండు అడ్డ ముక్కల కుడి చివర, అచ్చు అంచున మిగిలిపోయే పల్చటి ప్లాస్టిక్ రెక్క అలాగే ఉంది. ఒక మిల్లీమీటరు లోపే. దాన్ని కత్తితో గీకేసి ఉంటే పట్టీ తిన్నగా కూర్చునేది. చూడలేదు, లేదా చూసినా పట్టించుకోలేదు. ఆ రెక్క మీద పట్టీ వాలుగా కూర్చుంది, గమ్ ఆ వాలునే గట్టిపరిచింది. బండి నలభై ఏళ్ళకు పైగా పైన పడి ఉండడానికి కారణం ఆ రెక్కే.

పాత గమ్ జాయింట్లు రెండు రకాలు. ట్యూబులోంచి వచ్చే చిక్కటి గమ్ ఎక్కువ పెడితే అది ప్లాస్టిక్‌ని కొంచెమే కరిగించి మధ్యలో ముద్దగా నిలుస్తుంది. అలాంటిది విడదీయొచ్చు. సరిగ్గా కరిగితే మాత్రం రెండు ముక్కలూ ఒకటే ప్లాస్టిక్ అయిపోతాయి. అది అతుకు కాదు, వెల్డింగు. కోయడం తప్ప దారి లేదు. ఫ్రేమ్‌ని సంచిలో పెట్టి ఒక రాత్రి ఫ్రీజర్లో ఉంచాను. చల్లబడితే పాత గమ్ పెళుసుగా మారి చిన్న మెలికకే విరుగుతుంది. ఇది ప్రతిసారీ పనిచేసే మంత్రం కాదు. ఐదు కుడి జాయింట్లలో రెండు టప్పుమని విడిపోయాయి. మూడోది సగం విడి, సగం నిలిచింది. ఆ సగాన్నీ, మిగతా రెండింటినీ రేజర్ రంపంతో కోశాను. రంపం తిన్న మందాన్ని పూడ్చడానికి 0.25 మి.మీ. స్టైరీన్ షీటు ముక్కలు అతికించి, అంచులు సమం చేశాను. ఎడమ వైపు ఒక్క జాయింటు కూడా ముట్టుకోలేదు. అవి బాగున్నాయి, ఆయన చేసినవే ఉన్నాయి.

మళ్ళీ అతికించేటప్పుడు గాజు పలక మీద లెగో ఇటుకలతో చిన్న జిగ్, అంటే ముక్కల్ని కదలకుండా పట్టే చట్రం, కట్టాను. లెగోని బొమ్మ అని నవ్వకండి. లంబకోణానికి అంత కచ్చితంగా, అంత సులువుగా దొరికే వస్తువు ఇంకొకటి నాకు తెలీదు. రెండు పట్టీలూ ఇటుకల మధ్య ఇరుక్కుని, కింద గాజుకి ఆని ఉండగా, ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే పల్చటి ద్రవ సిమెంటు చుక్క సన్న కుంచెతో సందు అంచుకు తాకించాను. అది తనంతట తానే సందులోకి పాకుతుంది. నొక్కాల్సిన పని లేదు, నొక్కితేనే ప్రమాదం. ఒకేసారి ఐదూ అతికించలేదు. ముందు చివర, వెనక చివర, తర్వాత మధ్యది, ఒక్కొక్కదానికీ మధ్య గంట ఆగి, చివరికి మొత్తం ఒక రోజంతా జిగ్‌లోనే వదిలేశాను.

ఇరుసులు, చక్రాలు అమర్చాక మామూలు కాగితం ముక్కతో పరీక్ష పెట్టాను. కాగితం మందం 0.1 మి.మీ. ఉంటుంది. ప్రతి టైరు కిందికీ దూర్చి చూడాలి. ఎనిమిదింటి కిందికి దూరలేదు. వెనక కుడివైపు జంట కిందికి మాత్రం దూరింది. ఫ్రేమ్ జోలికి మళ్ళీ పోలేదు. మిగతా టైర్ల అడుగున వాటర్ పేపర్‌తో రెండు మూడు సార్లు గీకి చదును చేశాను. నిజం బండికైనా బరువుకి టైరు అడుగు కాస్త చదునవుతుంది కదా. కాగితం ఆగింది. వేలితో మూలని నొక్కాను. కదల్లేదు.

మిగతావి

బానెట్ వంకర తీయడం పెద్ద విషయం కాదు. చెక్క దిమ్మని లోపలి కొలతకి చెక్కి, బానెట్‌ని దానికి మాస్కింగ్ టేపుతో బిగించి, మరుగుకు రాని వేడి నీళ్ళలో కాసేపు ముంచి, వెంటనే చల్ల నీళ్ళలో పెట్టాను. ఇది పాలీస్టైరిన్ కాబట్టి మాట విన్నది. 1950ల్లో కార్ల డీలర్ల దగ్గర ప్రచారానికి ఇచ్చే మోడళ్ళు సెల్యులోజ్ అసిటేట్‌తో చేసేవారు. వాటి వంకర ఇలా లొంగదు, కాలం గడిచేకొద్దీ ఇంకా పెరుగుతుంది.

రిమ్ములు కరగడానికి కారణం తెలియక చాలామంది ఎండ దెబ్బ అనుకుంటారు. కాదు. టైరు మెత్తగా ఉండడానికి వినైల్‌లో కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్ళ తరబడి బయటికి ఊరి, తనకి తగిలిన పాలీస్టైరిన్‌ని మెత్తబరుస్తుంది. రిమ్ము మీద టైరు ఆకారం వాతలా పడుతుంది. చెడిన రెండింటినీ సూపర్ గ్లూతో నింపి గుండ్రంగా అరగదీశాను. అయినా దగ్గరగా చూస్తే తెలుస్తుంది. వాటిని అల్మారాలో గోడవైపు వచ్చే పక్కన పెట్టాను. అన్ని రిమ్ముల మీదా టైరు ఆనే చోట పల్చటి మెటల్ ఫాయిల్ అతికించి, ఆ తర్వాతే టైర్లు తొడిగాను. రంగు అడ్డం ఉంటే చాలదా అంటారు కొందరు. ప్లాస్టిసైజర్ రంగునీ జిగటగా మారుస్తుంది, ఫాయిల్‌ని మాత్రం దాటలేదు.

క్యాబ్ వెనక గోడ మీద గమ్ తీగ ఒకటి అడ్డంగా ఎండిపోయి ఉంది. దాన్ని అరగదీస్తే రివెట్లూ పోతాయి. వేరే దారి లేక అరగదీశాను. పద్నాలుగు రివెట్లు పోయాయి. డెకాల్ ఫిల్మ్, అంటే నీళ్ళతో అతికించే స్టిక్కర్ పొర, మీద రెసిన్ చుక్కలు ముద్రించిన రివెట్లు వాడాను. పక్క వరస మీద టేపు అతికించి, రివెట్ల చోటు పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ టేపునే కొత్త వరసకి కొలబద్దగా వాడాను. ఎడం ఒక్క చోట తేడా వచ్చినా కన్ను అక్కడికే పోతుంది.

పొగగొట్టాలు కిట్‌లో రెండు సగాలుగా వస్తాయి. అతికిస్తే నిలువునా గీత, గీత అరగదీస్తే క్రోమ్ పోతుంది. ఆ క్రోమ్ అంటే వాక్యూమ్‌లో పట్టించిన అతి పల్చటి అల్యూమినియం పొర. అందుకని కిట్ గొట్టాల్ని పక్కన పెట్టి, 5 మి.మీ. అల్యూమినియం గొట్టం వాడాను. 5 అంగుళాల పొగగొట్టం 1/25లో సరిగ్గా 5.08 మి.మీ. అవుతుంది. పోయిన మోచేతి వంపుని లావుపాటి టంకం తీగ వంచి చేశాను. బంపరు, ఇంధన ట్యాంకుల క్రోమ్ మాత్రం నలభై ఏళ్ళ నాటిదే ఉంచాను. స్ప్రూ నుంచి కోసిన చోట్ల మాత్రం మోలోటో క్రోమ్ పెన్నుతో చుక్క పెట్టాను.

అద్దం కాడ 1/24 కిట్ మిగులు నుంచి తీసుకున్నాను. రెండు స్కేళ్ళకీ తేడా నాలుగు శాతం. అంత చిన్న ముక్కలో ఎవరూ పట్టుకోలేరు. అదే 7 మీటర్ల బండి మొత్తానికైతే 280 మి.మీ. ఒకటి, దాదాపు 292 మి.మీ. ఇంకొకటి. పక్కపక్కన పెడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

స్టిక్కర్ల షీటుని సంచిలో పెట్టి ఎండ పడే కిటికీకి లోపలి నుంచి టేపు వేశాను. పది రోజుల్లో పసుపు చాలావరకు విరిగింది. పాతవి నీళ్ళలో వేస్తే ముక్కలవుతాయని మైక్రోస్కేల్ డెకాల్ ఫిల్మ్ ద్రవం ఒక పూత వేసి, అక్కర్లేని ఒకటి ముందు పరీక్షించాను.

రంగు

పెద్దాయన లెక్క ప్రకారమే మూడు నీలం, ఒక తెలుపు కలిపాను. ప్లాస్టిక్ స్పూను వెనక చల్లి, దాచిన పెచ్చు పక్కన పగటి వెలుతురులో పెట్టి చూస్తే బాగా పాలిపోయి ఉంది. ఆయన నీలం వేరు, నా నీలం వేరు. ఆయన తెలుపు కన్నా నాది చురుకైనది కూడా అయ్యుండాలి. నాలుగుకి ఒకటి, ఐదుకి ఒకటి, ఆరుకి ఒకటి. స్పూన్లు వరసగా పేర్చాను. ఐదుకి ఒకటి దగ్గర పెచ్చు స్పూనులో కలిసిపోయింది.

ఇక్కడ కాస్త టెన్షన్ పడ్డాను. చిన్న వస్తువు మీద అదే రంగు నిజం బండి మీద కన్నా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి కొంచెం తెలుపు పెంచడం మాకు అలవాటు. ఆ లెక్కన నాలుగుకి ఒకటి వేయాలి. వేయలేదు. నిజం పీటర్‌బిల్ట్‌కి కాదు, ఆ పెచ్చుకి జత కలపాలి.

అడుగు పూతకి బూడిద రంగు ప్రైమర్ మిస్టర్ సర్ఫేసర్ 1500. దాని మీద 0.3 మి.మీ. సూది ఎయిర్‌బ్రష్‌తో, 15 నుంచి 20 పి.ఎస్.ఐ. గాలి ఒత్తిడి మధ్య, లాకర్ రంగుని సమంగా తిన్నర్ కలిపి మూడు పల్చటి పూతలు, చివర ఒకటి కాస్త తడిగా. లాకర్ చల్లేటప్పుడు దుమ్ము మాస్కు చాలదు, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు ఉండాలి. ఈసారి తలుపు గీత పూడలేదు. కప్పు లోపల గాడి ఉన్న చోట మాత్రం రంగు పడకుండా టేపు వేశాను.

ఇంజన్

ముట్టుకోలేదు. మెత్తటి కుంచెతో దుమ్ము తీశాను, అంతే. పుల్లీల మీద బెల్టు గీతలు కూడా చేత్తో వేసి ఉన్నాయి. ఆయన ఓపికంతా అక్కడే ఖర్చయిందని తెలుస్తోంది. ఒక పక్క గమ్‌లో వేలిముద్ర ఉంది, అదీ అలాగే ఉంది. తోటి మోడలర్ ఒకరు చూసి, "బయట ఇంత మెరుపు పెట్టి లోపల ఆ కుంచె గీతలు వదిలేశావేంటి, వైర్లు కూడా లేవు" అన్నారు. ఆయన కిట్ అయితే ఆయన మాట నిజమే. ఈ బానెట్ మొత్తం ముందుకి వంగి తెరుచుకుంటుంది. ఎత్తితే పెద్దాయన పని, దించితే నా పని.

మొత్తం 62 గంటలు, పదకొండు వారాల్లో. అందులో 20 గంటలు ఫ్రేమ్‌కే పోయాయి. రంగుకి తొమ్మిది. మిగిలిన లోపాలూ చెప్పాలి: కుడి పొగగొట్టం పై చివర ఒక మిల్లీమీటరు వెనక్కి వాలింది, గోడవైపు రిమ్ముల్లో ఒకదాని అంచు ఇంకా అలలుగానే ఉంది, స్టిక్కర్లలో ఒకదాని మూల చిట్లింది.

బండి తెచ్చినాయన వచ్చినప్పుడు దాన్ని గాజు పలక మీదే ఉంచాను. క్రోమ్ చూడలేదు, రంగు చూడలేదు. ముందు వేలితో వెనక ఎడమ మూల నొక్కారు. మళ్ళీ నొక్కారు. తర్వాత బానెట్ ఎత్తి చాలాసేపు చూశారు. కప్పు లోపలి రాతకి టార్చి వెలుతురులో తీసిన ఫొటో, మిగిలిన రంగు సీసా ఇచ్చాను. ఎక్కడైనా గీత పడితే దిద్దుకోవచ్చని, సీసా మీద చీటీ అతికించి "5 నీ : 1 తె" అని రాసి ఉంచాను.

ఫొటోని, చీటీని పక్కపక్కన పెట్టి చూసి, "నాన్న మూడే రాశారు కదండీ" అన్నారు.

"ఆయన సీసా వేరండి" అన్నాను.